ఐస్ హాకీ ప్రేమ నవల చదివా, అందులో హాకీ ఎక్కడుందో ఎవరన్నా చూపిస్తారా?

పటమట_పుస్తకాలమ్మి
పేరు రాయను, చదివినవాళ్లు గుర్తుపట్టేస్తారు. నీలం అట్ట, స్కేట్లు మెడలో వేసుకుని నవ్వే అబ్బాయి, మూతి తిప్పుకున్న అమ్మాయి. ఇంగ్లీషుది. ఏలూరు రోడ్డులో కొంటుంటే షాపతను "కాలేజీ పిల్లలంతా ఇదే అడుగుతున్నారు మేడం" అన్నాడు. సరే చూద్దామని తెచ్చుకున్నా. 418 పేజీలు. మే నెల, మధ్యాహ్నం కరెంటు పోయింది, బెజవాడలో కూర్చుని మంచు గురించి చదివితే కాస్త చల్లబడతానేమోనని ఆశ.

చల్లబడటం సంగతి అటుంచండి. హాకీ ఏదీ? పెన్సిల్ పెట్టి లెక్కేశా. మ్యాచ్‌లు మొత్తం మూడు. మొదటిది పదకొండు పేజీలు. ఎంత బాగుందో, బ్లేడు మంచుని గీరే చప్పుడు నా చెవుల్లో వినిపించింది. రెండోది రెండు పేజీలు. మూడోది ఫైనల్. ఏడాదంతా దాని కోసమే చచ్చారు కదా, అది ఒక్క పేరా! గెలిచారంట, అబ్బాయి మాత్రం జనంలో అమ్మాయి ఎక్కడుందో వెతుక్కుంటున్నాడంట. మిగతా పేజీలన్నీ వాడి పొట్ట మీద పలకలే. చొక్కా ఎన్నిసార్లు విప్పాడో కూడా లెక్కపెట్టా. 14.

ఆట లేకపోయినా నడిచే కథైతే వాణ్ని బ్యాంకు క్లర్కుని చేసినా సరిపోయేదిగా? నేనూ బ్యాంకులోనే చేస్తా. మా బ్రాంచిలో పలకలున్నవాడు ఒక్కడూ లేడనుకోండి, అది వేరే సంగతి.

కృష్ణలంక_కన్నయ్య
మంచులో 14 సార్లు చొక్కా విప్పితే వాడికి రొంప కూడా పట్టలేదా. ఇక్కడ 44 డిగ్రీల్లో నేను బనీను విప్పితేనే మా ఆవిడ "కిటికీ వేసి విప్పు" అంటది.

సిగ్గులేని_పాఠకురాలు
నేను రెండుసార్లు చదివా. రెండోసారి ఏడ్చా కూడా. కాబట్టి నన్ను తిట్టుకోండి, పర్లేదు.

అక్కా, మీరు ఆటని మ్యాచ్ పేజీల్లో వెతికారు, అది ఉన్నది టైంటేబుల్లో. వాళ్లిద్దరికీ గొడవ ఎందుకొచ్చింది? పొద్దున ఐదింటికి ఉన్నది ఒక్కటే రింకు, అదే, స్కేటింగ్ చేసే మంచు మైదానం. వాడి టీముకీ అదే కావాలి, ఫిగర్ స్కేటింగ్ (మంచు మీద గెంతులు, గిరికీలు) చేసే ఆ పిల్లకీ అదే కావాలి. వీడి టీము ఆడితే మంచంతా గాట్లు పడిపోద్ది, దాని మీద ఆవిడ గెంతితే కాలు విరుగుద్ది. ప్రేమకథ మొత్తం ఆ మంచు వంతుల మీదే నడిచింది కదా. మీ బ్యాంకు క్లర్కుతో ఇది ఎట్లా కుదురుద్ది? ఇద్దరూ ఒకే స్టాంపు కోసం కొట్టుకుంటారా?

ఇంకోటి, ఫైనల్లో ఎవరు గెలిచారో తెలుసుకోడానికి రొమాన్స్ ఎవరూ కొనరు. చివరికి ఇద్దరూ ఒకటవుతారని మాటిచ్చారు, మాట నిలబెట్టుకున్నారు.

పటమట_పుస్తకాలమ్మి
@సిగ్గులేని_పాఠకురాలు స్టాంపు కోసం నిజంగానే కొట్టుకుంటాం, నీకు తెలియదు.

పాతసీరియల్_అత్తయ్య
నా వయసు 66. ఆ పుస్తకం మా మనవరాలి బ్యాగులో దొరికితే ముందు నేను చదివి, తర్వాత దానికి చీవాట్లు పెట్టా.

అమ్మాయిలూ, మీకు కొత్తగా ఉందేమో గానీ ఆ అబ్బాయి నాకు పాత చుట్టమే. డెబ్బైల్లో గవర్నరుపేటలో అద్దె పుస్తకాల కొట్టు ఉండేది. నవలకి రోజుకి పావలా. వారపత్రికలో వచ్చిన సీరియల్ కాయితాలు చింపి, కుట్టి, అట్టేసి ఇచ్చేవాడు. ఒకసారి ఆఖరి రెండు పేజీలు ఎవరో చింపుకుపోతే, ముగింపు తెలుసుకోడానికి నేనూ మా వదినా నాలుగు వీధులు తిరిగాం. అందులో హీరో ఎవరు? ఆరడుగులు, పొడుగు కారు, పొగరు, ఒక ఎస్టేటు. ఆ ఎస్టేటులో ఏం పండుద్దో ఒక్క నవల్లో చెప్పలేదు. మిరపా? పత్తా? పొగాకా? ఏమో. ఆయన అప్పుడప్పుడూ "ఎస్టేటు పని మీద వెళ్తున్నా" అనేవాడు, మేం సరే అనుకునేవాళ్లం.

ఇప్పుడు కారు దింపి స్కేట్లు తొడిగారు. ఎస్టేటు తీసేసి హాకీ పెట్టారు. పొగరు మాత్రం అదే. ఫైనల్ ఒక్క పేరాలో అయిపోయిందని ఏడుస్తున్నావు, మాకు ఎస్టేటు ఒక్క వాక్యం కూడా ఇవ్వలేదమ్మా.

కృష్ణలంక_కన్నయ్య
అత్తయ్య గారూ, ఎస్టేటులో యూకలిప్టస్ వేసుంటాడండీ. అందుకే ఏ పనీ లేకుండా కారులో తిరిగేవాడు.

మంచుమావయ్య
ఊరు మంగళగిరి, ఉద్యోగం అమెరికాలో, మిన్నెసోటా. మా పక్కింటాయన చలికాలంలో పెరట్లో నీళ్లు కొట్టి గడ్డ కట్టించి పిల్లలతో హాకీ ఆడిస్తాడు. పదేళ్ల నుంచి చూస్తున్నా కాబట్టి కాస్త చెప్పే అర్హత ఉంది.

ఇరవై నిమిషాలు చొప్పున మూడు భాగాలు. మంచు మీద ఒక్కో జట్టుకి ఆరుగురు, గోల్ కీపరుతో కలిపి. ఒక ఆటగాడు దిగితే ముప్పావు నిమిషం, మహా అయితే నిమిషం. ప్రాణం పోయేలా పరిగెత్తి గోడ దూకి బెంచీ మీద పడతాడు, ఇంకోడు దూకుతాడు. ఈ నవల్లో హీరో మంచు మీద నిలబడి ఆ అమ్మాయి కళ్ల గురించి రెండు పేజీలు ఆలోచించాడు. రెండు పేజీలు ఆలోచించేంత సేపు ఎవడూ మంచు మీద ఉండడు. ఉంటే కోచ్ తంతాడు.

తప్పు చేస్తే రెండు నిమిషాలు పెనాల్టీ బాక్సులో కూర్చోవాలి, పెద్ద తప్పైతే ఐదు. ఆలోచించడానికి సరైన చోటు అదీ. అద్దాల గదిలో ఒంటరిగా, టీము నీ వల్ల ఒకడు తక్కువై అక్కడ చస్తుంటే, నీకు అమ్మాయి గుర్తొస్తే ఎట్లా ఉంటది? రచయిత్రి అది వాడుకోలేదు. నాకు అసలు కోపం దానికే.

కృష్ణలంక_కన్నయ్య
హాకీలో బంతి బదులు పక్ అంటారే, అది ఎంతుంటది మావయ్యా?

మంచుమావయ్య
@కృష్ణలంక_కన్నయ్య మూడంగుళాల వెడల్పు, అంగుళం మందం, 170 గ్రాములు అటూ ఇటుగా. గట్టి రబ్బరు. ఎగరకుండా ఉండాలని మ్యాచ్‌కి ముందు ఫ్రీజర్లో పెడతారు.

కృష్ణలంక_కన్నయ్య
అంటే మా వీధి చివర హోటల్లో నిన్నటి గారె. అర్థమైంది.

మంచుమావయ్య
ఇంకో తప్పు. హీరోకి 22 ఏళ్లు, కాలేజీ ఆఖరి ఏడాది, "డ్రాఫ్ట్‌లో నన్ను తీసుకుంటారా లేదా" అని నిద్రపోడు. డ్రాఫ్ట్ అంటే క్లబ్బులు వంతుల వారీగా కొత్త కుర్రాళ్లని ఎంచుకోవడం. హాకీలో అట్లా ఉండదు. ఎన్‌హెచ్‌ఎల్ (అమెరికా, కెనడాల పెద్ద హాకీ లీగ్) వాళ్లు 18 ఏళ్ల నుంచే ఎంచుకుంటారు. ఎంచుకున్నాక కూడా కుర్రాడు కాలేజీకే ఆడుకోవచ్చు, హక్కులు క్లబ్బు దగ్గరుంటాయి. ఇరవై దాకా ఎవరూ తీసుకోకపోతే అమెరికా, కెనడా కుర్రాళ్లకి ఇక డ్రాఫ్ట్ గొడవే ఉండదు, ఎవరు పిలిస్తే వాళ్లతో సంతకం చేసుకోవడమే.

సిగ్గులేని_పాఠకురాలు
మావయ్య గారూ పేజీ 90 చూడండి. వాణ్ని ఎవరూ తీసుకోలేదని, ఏ క్లబ్బు పిలుపు కోసమైనా కాసుక్కూర్చున్నాడని అక్కడే ఉంది. డ్రాఫ్ట్ గురించి నిద్రపోనిది వాడి తమ్ముడు.

మంచుమావయ్య
...చూశా. నిజమే. 80 నుంచి 100 దాకా దాటేశా, అక్కడ అన్నీ ముద్దులే ఉన్నాయని.

పాతసీరియల్_అత్తయ్య
ముద్దులు దాటేసే మగాణ్ని ఇప్పుడే చూస్తున్నా.

బ్రాడీపేట_4బై14
నేను ఫిజియోథెరపీ చేస్తా, గుంటూరులో. ఆ మోకాలి గురించి ఎవరూ ఎత్తలేదేంటి?

జనవరిలో హీరో మోకాలి లిగమెంట్, అంటే ఎముకల్ని కలిపి ఉంచే పట్టీ, తెగుద్ది. మోకాలి మధ్యలో ముందు వైపు లిగమెంటే, ఏసీఎల్ అని స్పష్టంగా రాసింది, సర్జరీ కూడా చేయించింది. ఏప్రిల్లో ఫైనల్ ఆడేశాడు! మా దగ్గరికి వచ్చే కుర్రాళ్లు ఇట్లాంటివి చూసి "సార్, మూడు నెలల్లో గ్రౌండుకి వెళ్లొచ్చా" అంటారు. ఏసీఎల్ ఆపరేషన్ తర్వాత మెలితిరిగే ఆటల్లోకి దిగాలంటే తొమ్మిది నెలలు ఆగమంటాం, ఇంకా ఎక్కువ పట్టేవాళ్లూ ఉంటారు. అదే లోపలి పక్క లిగమెంట్, ఎంసీఎల్, కాస్త సాగిందని రాసుంటే కొన్ని వారాల్లో లేచాడన్నా ఒప్పుకునేవాణ్ని. ఒక్క అక్షరం మారిస్తే పోయేదానికి!

పైగా ఆ మూడు నెలల్లో అసలైన కథ ఉంది, వదిలేసింది. ఆపరేషనైన వారానికి తొడ కండరం ఎట్లా కరిగిపోద్దో మీకు తెలుసా? మంచం మీద కాలు చాపి, మోకాలి కింద చుట్టిన టవల్ని కిందికి నొక్కమంటాం. అంతే పని. నిన్నటిదాకా వంద కిలోలు ఎత్తినవాడు దాన్ని నొక్కలేక మొహం గోడకి తిప్పుకుంటాడు. పక్కన అమ్మ నిలబడి "నొక్కు నాన్నా" అంటది. నాకైతే వాడు చొక్కా విప్పడం కంటే అదే దగ్గరగా అనిపిస్తది, ఇద్దరి మధ్య ఏదన్నా పుట్టాలంటే.

పటమట_పుస్తకాలమ్మి
@బ్రాడీపేట_4బై14 మీరు రాయండి సార్. నేను కొంటా.

బ్రాడీపేట_4బై14
నేను రాస్తే హీరో తొమ్మిది నెలలు టవలే నొక్కుతాడు. ఎవరూ కొనరు.

షటిల్_శీను
గుంటూరు వాళ్లు ఐస్ గురించి కొట్టుకోవడమేంటి. మన ఆట రాయండి, బ్యాడ్మింటన్. కిడాంబి శ్రీకాంత్ మనోడే, 2017 ఒక్క ఏడాదిలో నాలుగు సూపర్ సిరీస్ టైటిళ్లు, 2018 ఏప్రిల్లో ప్రపంచ నంబర్ వన్. చెమట పడితే కోర్టులోకి తుడిచేవాళ్లొస్తారు, ఆట ఆగుద్ది. కళ్లు కళ్లు కలవడానికి అంతకంటే మంచి బ్రేకు ఏ ఆటలో ఉంది?

కృష్ణలంక_కన్నయ్య
బాణాలు పెట్టండి. వెన్నం జ్యోతి సురేఖ మన విజయవాడ అమ్మాయి, హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో మూడు స్వర్ణాలు. ఇబ్బందల్లా ఒకటే. 50 మీటర్ల దూరంలో గురి. హీరోని చూసి గుండె దడదడలాడిందా, బాణం పక్కవాళ్ల బోర్డుకి.

రైడర్_తెనాలి
అందరూ హీరో మోకాలు గురించే మాట్లాడారు. ఆ పిల్ల పోటీ గురించి ఒక్కరూ అనలేదు.

35వ అధ్యాయం. అదే వారంలో ఆమెకి సెలక్షన్ ట్రయల్స్. పన్నెండేళ్లుగా పొద్దున నాలుగింటికి లేచింది దాని కోసమే. వాడికి ఫైనల్. వెళ్లి వాడి ఫైనల్లో కూర్చుంది. తర్వాత చిన్నపిల్లలకి కోచింగ్ ఇస్తూ చాలా సంతోషంగా ఉందంట. పుస్తకం గోడకేసి కొట్టబోయి ఆగా, లైబ్రరీది.

నేను కబడ్డీ ఆడేదాన్ని. రైడర్ని. జూనియర్స్‌లో రాష్ట్రం దాకా వెళ్లా. మ్యాట్లు తర్వాత వచ్చాయి, మేం నేర్చుకుంది మట్టిలో. మోకాళ్ల మీద పుండు ఆరకముందే మళ్లీ గీసుకుపోయేది. రైడ్ అంటే 30 సెకన్లు. మావయ్య గారు ముప్పావు నిమిషం గురించి రాస్తే నాకు ఒళ్లు జలదరించింది. ఆ 30 సెకన్లలో నాకు ఏడుగురి కాళ్లు కనపడేవి, మొహాలు కాదు. ఎవరి మడమ లేచింది, ఎవరి బరువు ఏ కాలి మీదుంది. మూలన ఉన్న అమ్మాయి బొటనవేలు మట్టిలోకి గుచ్చిందంటే చీలమండ పట్టుకోవడానికి వస్తోందని లెక్క. అంతే చూసేదాన్ని.

22కి సంబంధం వచ్చింది. మంచివాళ్లే. ఫేస్‌బుక్‌లో నిక్కర్తో ఉన్న ఫోటో ఒక్కటి తీసేస్తే బాగుంటది అన్నారు. ఆడొద్దని ఎవరూ అనలేదు, అది మాత్రం నిజం. ఫోటో తీసేశా. తర్వాత ప్రాక్టీసుకి వెళ్లాలంటే ఎవరో ఒకరికి టిఫిను ఆలస్యమయ్యేది. ఆర్నెల్లకి మోకాలి పట్టీలు, బూట్లు అటక మీదికెళ్లాయి. నన్ను ఆపినవాళ్లు ఎవరంటే వేలు పెట్టి చూపించలేను.

2018లో జకార్తా ఆసియా క్రీడల కబడ్డీ ఫైనల్లో మన ఆడపిల్లలు ఇరాన్ చేతిలో 24-27తో ఓడిపోయారు. ఫోను పప్పు డబ్బాకి ఆనించి చూశా. స్టవ్ మీద పప్పు మాడింది. ఇంట్లో ఎవరూ ఏమీ అనలేదు, మాడిన పప్పే తిన్నారు.

పటమట_పుస్తకాలమ్మి
రాసింది రెండుసార్లు చదివా. 35వ అధ్యాయాన్ని నేను చొక్కాల లెక్కలో దాటేశా, నిజం చెప్తున్నా.

సిగ్గులేని_పాఠకురాలు
అక్కా, మీకు జరిగింది చదివి బాధేసింది. కానీ ఆ నవల్లో హీరో ఆమెని రమ్మనలేదు. ట్రయల్స్‌కి వెళ్లమనే చెప్పాడు, గొడవ కూడా పెట్టుకున్నాడు. ఆమె తన ఇష్టంతో వచ్చింది. ఇష్టంతో మానేయడం కూడా మన హక్కే కదా? పొద్దున నాలుగింటికి లేవడం అంటే విసుగెత్తిపోయిందని ముందే మూడు చోట్ల అంది.

రైడర్_తెనాలి
@సిగ్గులేని_పాఠకురాలు ఇష్టంతో అని రాసింది రచయిత్రి. విసుగెత్తిందని నేనూ అనేదాన్ని, రోజూ. వాడూ విసుగెత్తిందని అన్నాడు, 200 పేజీ చుట్టుపక్కల చూడు. వాడికి మాత్రం విసుగు తర్వాత కప్పు వచ్చింది.

సిగ్గులేని_పాఠకురాలు
ఇది మాత్రం నాకు తట్టలేదు. నిజంగా.

షటిల్_శీను
అటు ఇటు కాకుండా ఒక మాట. చెస్ ఆడే కోనేరు హంపి 2017లో పాప పుట్టాక ఆటకి దూరంగా ఉంది. తిరిగొచ్చి 2019 డిసెంబరులో ప్రపంచ ర్యాపిడ్ గెలిచింది, 2024లో మళ్లీ గెలిచింది. మన ఊరి కథే. నవల్లో రాస్తే నమ్మేవాళ్లం కాదేమో.

రైడర్_తెనాలి
@షటిల్_శీను గొప్ప మనిషి, కాదన్నదెవరు. చెస్సులో చీలమండ పట్టుకోరు శీనూ. ముప్పై దాటాక మట్టిలోకి దిగడం వేరు.

పాతసీరియల్_అత్తయ్య
మా నవలల్లో హీరోయిన్ ఎప్పుడూ వీణ వాయించేది. పెళ్లయ్యాక వీణ ఏమైందో నేనెప్పుడూ అడగలేదు. తెనాలి అమ్మాయి రాసింది చదివాక రాత్రి నిద్ర పట్టలేదు, ఒక్కో నవలా గుర్తుతెచ్చుకుని వెతికా. ఒక్కదాంట్లో కూడా తర్వాత వీణ లేదు.

కృష్ణలంక_కన్నయ్య
నాకు జోకు రాట్లేదు.

మంచుమావయ్య
చిన్న విషయం, కానీ ఇప్పుడు చిన్నగా అనిపించట్లేదు. అట్ట మీద చూడండి. ఫిగర్ స్కేటర్ల బ్లేడుకి ముందు పళ్లు ఉంటాయి, గెంతడానికి గుచ్చేది వాటినే. హాకీ స్కేట్లకి ఉండవు. అట్ట మీద అమ్మాయి కాళ్లకున్న స్కేట్లకి పళ్లు లేవు. ఆమెకి కూడా వాడి స్కేట్లే తొడిగారు.

పటమట_పుస్తకాలమ్మి
ఇప్పుడే చూశా. నిజంగా లేవు!

వేదిక_కాపరి
ముగింపు చెప్పేస్తున్నారని ఇద్దరు ఫిర్యాదు చేశారు. చదవనివాళ్లు 35వ అధ్యాయం చర్చ దాటేసి రండి.

బ్రాడీపేట_4బై14
@రైడర్_తెనాలి అడక్కుండా సలహా ఇస్తున్నా, తిట్టకండి. ముప్పై దాటితే మట్టిలోకి దిగకూడదని రూలేం లేదు. ముందు తొడ కండరాలకి ఆరు వారాలు పని పెట్టాలి. టవల్ నుంచే మొదలు.

రైడర్_తెనాలి
తిట్టను. టవల్ ఉంది ఇంట్లో.

పటమట_పుస్తకాలమ్మి
@రైడర్_తెనాలి లైబ్రరీ కాపీ ఈపాటికి ఇచ్చేసుంటారుగా, నాది పంపిస్తా. మా తమ్ముడు తెనాలి మీదుగానే వెళ్తాడు. మొదటి మ్యాచ్ ఆ పదకొండు పేజీలు మళ్లీ చదవండి, మీకు కాళ్లే కనపడతాయేమో. 60వ పేజీలో పసుపు మరక నాదే, మామిడికాయ పప్పు తింటూ చదివా.

పాతసీరియల్_అత్తయ్య
తర్వాత నాకు పంపమ్మా, మా మనవరాలు దాని కాపీ దాచేసింది.

రైడర్_తెనాలి
నిన్న అందింది. మొదటి మ్యాచ్ మూడుసార్లు చదివా. మూలకి పక్ పోయినప్పుడు వాడు పక్ వంక చూడకుండా ఎదుటివాడి నడుం వంక చూస్తాడు, గమనించారా? అది రాయాలంటే ఆడినా ఆడుండాలి, ఆడినవాళ్ల పక్కన బాగా కూర్చునన్నా ఉండాలి. 35వ అధ్యాయం రాసింది కూడా ఈవిడేనా అనిపించింది.

మిగతాది మా ఆయన చదువుతున్నాడు. చొక్కాలు 14 కాదు, 15 అంటున్నాడు.

పటమట_పుస్తకాలమ్మి
ఏ పేజీ?

రైడర్_తెనాలి
212. అక్కడ విప్పింది టవలు. లెక్కలోకి వస్తదా అని అడగమన్నాడు.